అత్త తెర మీద లేని గడి

పోయిన వారం మోకాలు చూపించుకుందామని హనుమకొండలో ఒక దవాఖానకు వెళ్లాను. గుమ్మంలోనే మనిషెత్తు యంత్రం ఒకటి నిలబెట్టారు. దాని అద్దం మీద వేలు పెడితే ఏం బాధో, ఏ డాక్టరు కావాలో అడిగి చీటీ ఇస్తుంది. నా ముందు ఒక పెద్దావిడ, ఆమె పక్కన కోడలు. పెద్దావిడ అద్దంలోని బొమ్మల వంక శ్రద్ధగా చూసి, వేలు కొంగుకు తుడుచుకుని, ఎక్కడ నొక్కాలో తేల్చుకునేలోపే యూనిఫాం వేసుకున్న మనిషి ఒకడు ఆమె చేతిని పక్కకు జరిపి, "ఏమైందక్కా ఈమెకు?" అని కోడలిని అడిగాడు. "కండ్లు మసకలట" అంది కోడలు. "కండ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా, చెవుల పోటు" అని పెద్దావిడ చెబుతూనే ఉంది, అతను కంటి డాక్టరు చీటీ తీసి కోడలి చేతిలో పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. "ఆమెకు నోరుంది గదయ్యా, ఆమెను అడుగు" అన్నాను. "లైన్ పెద్దగున్నది మేడం, ముసలోళ్లకు గియ్యి సమజ్ గావు" అన్నాడు. నేను గొంతు పెంచాను. వెనకవాళ్లు విసుక్కున్నారు, కోడలు నన్ను కొరకొరా చూసింది, మొత్తానికి చెవి డాక్టరు చీటీ వచ్చింది. నా వంతు వచ్చేసరికి మోకాలి సంగతి చెప్పడానికి కూడా నాకు ఊపిరి అందలేదు. నిజానికి ఆ కోపంలో సగానికి పైగా పాతది. పది పన్నెండేళ్ల కిందట మా మేనత్త ఇంట్లో, ఒక పాత ట్యూబు మానిటర్ ముందు పుట్టింది అది.

మా అత్తకు ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఒక పిండి గిర్నీ ఉండేది. బియ్యం, గోధుమలు అందరూ పడతారు. అత్త గిర్నీకి పేరు తెచ్చింది కారం. మామయ్య పోయేనాటికి ఇద్దరు కొడుకులూ బడికి పోయే పిల్లలు. చుట్టాలంతా గిర్నీ అమ్మేయమంటే ఆమె పదకొండో రోజు దాటగానే కొంగు బిగించి మోటారు స్విచ్చి వేసిందట. ఎండాకాలం వచ్చిందంటే మార్కెట్‌లో మిరపకాయ కొన్నవాళ్లు తొడిమలు తీసి, మిద్దెల మీద ఆరబోసి, సంచులకెత్తుకుని అత్త దగ్గరికే వచ్చేవారు. ఆ వాడ మలుపు తిరగగానే తుమ్ములు మొదలయ్యేవి. సెలవులకు వెళ్లిన నేను కండ్లలో నీళ్లు కారుతుంటే సంచుల మీద కూర్చుని చూసేదాన్ని. అత్త మాత్రం తుమ్మేది కాదు. ఆమె గొంతు మోటారు చప్పుడును కూడా దాటి వినబడేది. ఒకామెను "జర ఠైరో అమ్మీ" అని ఆపేది, ఇంకొకామెను "నీ వంతు రాలె, కూసో బిడ్డా" అని కూర్చోబెట్టేది. పసుపు పట్టే రాయిలో కారం పోయనిచ్చేది కాదు, ఎంత పెద్దింటి నుంచి వచ్చినా సరే. తడి ఆరని కాయ తెస్తే నాలుగు గింజలు వేళ్లతో నలిపి చూసి, "అద్దు. రెండెండలు పెట్టి తే" అని సంచిని కాలితో బయటికి నెట్టేది. ఆ "అద్దు" తరువాత ఇక బేరం లేదు. ఆమె చీర, ఆమె జుట్టు, ఆమె ఇచ్చే చాయ్ కూడా కారం వాసనే. ప్రేమ పుట్టి మమ్మల్ని దగ్గరికి తీసుకుందంటే మేం కండ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పరుగెత్తేవాళ్లం.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం, సీజన్ మంచి ఊపు మీద ఉండగా, గిర్నీలోనే కూలబడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, దాంతోపాటు మాట. కాలు నెమ్మదిగా ఈడ్చుకుంటూ నడిచేంత వచ్చింది. మాట రాలేదు. ఆమెకు తోడుగా ఉందామని ఆ రోజుల్లో నేను అక్కడికి వచ్చిపోతుండేదాన్ని. చెప్పేదంతా వినేది, అంతా తెలుసని కండ్లలో కనబడేది, నోరు తెరిస్తే మాత్రం "ఆఁ" అనే ఒక్క శబ్దమే. ఆకలైనా ఆఁ, కోపమైనా ఆఁ. తల ఊపమంటే నిలువుగా ఊపబోయి అడ్డంగా ఊపేది, అడ్డంగా ఊపబోయి నిలువుగా. మెదడులో దెబ్బ తగిలిన చోటును బట్టి కొందరికి అట్లాగే అవుతుందని డాక్టరు అందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఎవరి తలకెక్కింది? అత్త నోరు బాగున్నన్నాళ్లు ఆమె ముందు నోరు మెదపనివాళ్లంతా, ఆ నోరు పడిపోయిన మరునాటి నుంచి ఆమె తరఫున మాట్లాడడం మొదలుపెట్టారు. అందులో మొదటివాడు పెద్ద బావ. అత్త పెద్ద కొడుకు, ఎరువుల దుకాణం నడిపేవాడు. గిర్నీ తీసేసి ఆ జాగలో షట్టర్ల దుకాణాలు వేయించి కిరాయికివ్వాలని అతనికి ఎప్పటి నుంచో ఉంది. రోజూ పొద్దున చాయ్ తాగుతూ, "గిర్నీ బంద్ పెడుదామానే అమ్మా? ఇగ నువ్వు సల్లగ ఇంట్ల కూసో" అనేవాడు. అత్త కండ్లు పెద్దవి చేసి "ఆఁ" అనేది. "సూసిన్రా, సరే అంటాంది" అని మా వైపు తిరిగేవాడు. ఆ అరుపులో అతనికి సరే ఎక్కడ వినబడిందో ఈనాటికీ నాకు అర్థం కాదు.

చిన్న బావ వేరే రకం. మనసు మంచిదే కానీ తనంత తెలివైనవాడు ఓరుగల్లులో ఇంకొకడు లేడని అతని నమ్మకం. చౌరస్తాలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టి బాగానే నడిపాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసరికి అది మూతపడి, ట్యూబు మానిటర్లన్నీ ఇంటి వెనక గదిలోకి వచ్చి చేరాయి. ఒక రోజు వాటిలో ఒకదాన్ని మోసుకొచ్చి అత్త గదిలో బల్ల మీద పెట్టి, "అమ్మతోటి మాట్లాడిపిస్త సూడు" అన్నాడు. హైదరాబాదు నుంచి ఒక నల్లటి ప్లాస్టిక్ చట్రం తెప్పించాడు. దాని నాలుగు అంచుల నుంచి కంటికి కనబడని కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయట. మధ్యలో వేలు పెడితే కిరణం తెగిపోతుంది, ఎక్కడ తెగిందో కంప్యూటర్ కనిపెడుతుంది, అక్కడ నొక్కినట్టు లెక్క. కొత్తగా వచ్చిన సన్నటి మానిటరే కొనొచ్చు కదా అని నేనడిగితే నవ్వాడు. "దానికి అమ్మ చెయ్యి ఆనిచ్చిందనుకో, మానిటర్ ఎనుకకు, అమ్మ ముందటికి. గిది బండ లెక్క కూసుంటది, కదలది" అన్నాడు. ఆ మాట నిజమే. అత్త నిలబడాలంటే దేనికో ఒకదానికి బరువు మోపక తప్పేది కాదు.

అమర్చడం మాత్రం అతననుకున్నంత తేలిగ్గా కాలేదు. చట్రం చూస్తే బల్లపరుపు, ట్యూబు అద్దం చూస్తే ఉబ్బిన పొట్ట. నడుమ అద్దం పొడుచుకొచ్చి చట్రానికి తగిలేది, మూలలు లోపలికి పోయి సందు పడేది. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేచేది. చిన్న బావ చొక్కా విప్పి నేల మీద కూర్చుని ఒక పగలంతా దాంతో కుస్తీ పట్టాడు. చివరికి గిర్నీలో అరిగిపోయిన మోటారు బెల్టును ముక్కలుగా కోసి నాలుగు మూలలా మెత్తలాగా పెట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో చట్రాన్ని నిలబెట్టాడు. ఆ తరువాత వేలు ఎక్కడ పడుతోందో దానికి నేర్పాలట. మూలల్లో గుర్తులు కనిపిస్తే ఒక్కొక్కటీ నొక్కుతూ పోవాలి. నీళ్లు నొక్కితే చాయ్ పలికేది, చాయ్ నొక్కితే ఏదీ పలికేది కాదు. అద్దానికీ చట్రానికీ మధ్య ఖాళీ ఉండడంతో వేలు అద్దాన్ని తాకకముందే అది పలికేది. కొంగు తగిలినా పలికేది. సాయంత్రానికి దారిలోకి వచ్చింది. తెర మీద ఆరు గడులు, ఆరు బొమ్మలు: నీళ్లు, చాయ్, అన్నం, మందు, ఫ్యాను, నొప్పి. గొంతు చిన్న బావదే. ఇంట్లో అందరిలాగే మాట్లాడే మనిషి, మైకు చూడగానే రేడియో వార్తలు చదివేవాడైపోయాడు. అత్త మొదటిసారి ఎడమచేతి చూపుడువేలు పెట్టగానే, "నాకు దాహముగా ఉన్నది. మంచినీరు ఇప్పించగలరు" అని గంభీరంగా వినిపించింది. అత్త ఒక్క క్షణం బిత్తరపోయి, నోరు ఒక పక్కకు వంకర తిరిగేలా నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇంకేమన్నా పెడితే బాగుండు గదా బావా" అన్నాను నేను. "ముసలామెకు ఇంకేం గావాలె?" అన్నాడు పెద్ద బావ. అందరూ అవునన్నారు. ఉన్న ఆరు గడులతోనే అత్త తన మర్యాదలు తాను నిలబెట్టుకుంది. ఇంటికి ఎవరొచ్చినా కాలీడ్చుకుంటూ వెళ్లి చాయ్ గడి నొక్కేది, కప్పు వస్తే వచ్చినవాళ్ల వైపు చూపించేది. చిన్న బావ తన తెలివి గురించి ఎవరికైనా ఎక్కువసేపు చెబుతుంటే ఫ్యాను గడి నొక్కేది. ఆ వానాకాలం అట్లా గడిచింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మా దగ్గర పనిముట్టనేది ఏదీ పూలు లేకుండా ఉండదు. గిర్నీ రాళ్లకు బొట్లు, మోటారుకు దండ, బండ్లకు దండలు, ఎరువుల దుకాణంలో కాంటాకు దండ. పెద్ద బావ భార్యను మేం అక్క అని పిలుస్తాం. అత్తకు మాట తెచ్చిన మిషన్‌ను మరిచిపోతే పాపమని, మానిటర్ నెత్తిన కుంకుమ పెట్టి, చట్రానికి రెండు వైపులా లోపలికి వేలాడేలా ముద్దబంతి దండ వేసింది ఆమె. భక్తితో వేసింది, ఆమెను అనడానికి లేదు. దసరాకు వేసిన దండను ఎవరూ తియ్యరు. అది ఎండి, తనంతట తాను రాలాల్సిందే. దండ పడగానే తెర ఒక్కసారి "నాకు దాహముగా ఉన్నది" అంది. ఆ తరువాత అత్త ఎక్కడ నొక్కినా పలకలేదు. చిన్న బావ వైరస్ అన్నాడు, వోల్టేజీ అన్నాడు, వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ అది దాహమని ఒక్కమాట చెప్పి మూగదయ్యేది. ఎడమ వైపున్న నీళ్ల గడి మీదికి దండ దిగి, వేలు తియ్యకుండా పెట్టినట్టు కిరణాలకు అడ్డంగా ఉందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. దేవుడి పూలు అడ్డమని ఎవరికి మాత్రం తడుతుంది? అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మిషన్ దాహమని అన్నప్పుడల్లా అక్క గ్లాసుతో నీళ్లు తెచ్చేది, అత్త గ్లాసును నెట్టేసేది. రెండు రోజులు చూసి పెద్ద బావ తీర్పు చెప్పేశాడు. "దూపైతాందంటది, నీళ్లిస్తే నూకేస్తది. మిషన్ మంచిగనే ఉన్నది, అమ్మకే బుర్ర పనిచేస్తలేదు."

చిన్న బావ ఏమంటాడా అని నేను అతని ముఖం చూశాను. తప్పు మిషన్‌దైతే పోయేది తన పరువు. తప్పు అమ్మదైతే తనకు ఏ చిక్కూ లేదు. "ఉండొచ్చు, డాక్టర్‌కు సూపియ్యాలె" అన్నాడు. చాయ్ గడి నొక్కి ఊరందరికీ మర్యాదలు చేసిన మనిషికి, నాలుగు బంతిపూలు అడ్డమొచ్చేసరికి మతి పోయిందని కన్నకొడుకులిద్దరూ ఒప్పేసుకున్నారు. అదీ ఆమె పక్కన కూర్చుని, ఆమె వినేలాగా. ఇక అడిగేదేముంది అన్నట్టు పెద్ద బావ గిర్నీ రాళ్లకూ మోటారుకూ బేరం కుదిర్చాడు. మతి లేనామె వద్దన్నా లెక్కలోకి రాదు కదా.

కేసముద్రం నుంచి ఒక పెద్దమనిషి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అక్కడ గిర్నీ పెట్టుకోవాలని సామాను కొనడానికి వచ్చాడాయన. అత్త గదిలోనే కుర్చీలు వేశారు. ఆయన అత్తకు నమస్కారం పెట్టి, "అమ్మను ఒక మాట అడిగిన్రా?" అన్నాడు. "అడిగినం, సరే అన్నది. మీ ముందట్నే మళ్ల అడుగుత" అని పెద్ద బావ వంగి, చెవిటివాళ్లతో అరిచినట్టు, "అమ్మా, గిర్నీ సామాను ఈయనకు ఇచ్చేద్దామా?" అన్నాడు. "ఆఁ!" అంది అత్త. "సూసిన్రా" అన్నాడు బావ.

అత్త లేచింది. మంచం పట్టె, బల్ల అంచు పట్టుకుంటూ తెర దగ్గరికి వెళ్లింది. వేలు పెట్టింది. పలకలేదు. అరచేత్తో కొట్టింది. పలకలేదు. అప్పుడు ఎడమచేత్తో ఆ దండను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. దారం తెగి బంతిపూలు గదంతా దొర్లాయి. "అయ్యో అత్తమ్మా, దేవుని దండ!" అని అక్క గుండెలు బాదుకుంది. "నేను జెప్పలేదా?" అన్నాడు పెద్ద బావ, తన మాట నెగ్గిన ముఖంతో. ఆమెకు కిరణాల సంగతి తెలిసి లాగిందని నేననుకోను. ఆ క్షణంలో చేతికి గ్లాసు దొరికితే గ్లాసు విసిరేది, దండ దొరికింది కాబట్టి దండ తెంపింది. వట్టి కోపం, అంతే. ఆ కోపంలోనే మళ్లీ వేలు పెట్టింది. "నాకు నొప్పిగా ఉన్నది" అంది మిషన్, చిన్న బావ రేడియో గొంతుతో.

అక్క పరుగున వెళ్లి నొప్పి గోళీ, నీళ్లు తెచ్చింది. అత్త గోళీని చేత్తో కొట్టేసి మళ్లీ నొక్కింది. నాకు నొప్పిగా ఉన్నది. మళ్లీ నొక్కింది. నాకు నొప్పిగా ఉన్నది. "ఎక్కడత్తా?" అన్నాను నేను దగ్గరికి వెళ్లి. ఆమె రొప్పుతూ తిరిగింది. ఆ చూపుడువేలు తెర మీద నుంచి లేచి, మెల్లగా గదిని దాటి, పెద్ద బావ ముఖం దగ్గర ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తరువాత చిన్న బావ దగ్గరికి పోయింది.

కేసముద్రం ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "అమ్మ ఇయ్యనంటాంది. ఆమె ఉసురు నాకెందుకు తమ్మీ" అని, అత్తకు మళ్లీ దండం పెట్టి వెళ్లిపోయాడు. పెద్ద బావకు సిగ్గుండాలి కదా, లేదు. "నొప్పని నొక్కింది గని అద్దని నొక్కిందా?" అన్నాడు నాతో. నేను ఆ ఇంటి బిడ్డను కాను, మేనకోడలిని, బయటిదాన్ని. ఆ ఇంట్లో అంత వరకూ గొంతెత్తి ఎరుగను. ఆ రోజు ఎత్తాను. "అద్దని నొక్కనీకి గడి పెట్టిన్రా మీరు? ఏడున్నది, సూపియ్యి! నీళ్లున్నది, గోళీ ఉన్నది, మీరు ఇచ్చేటియన్నీ ఉన్నయి. ఆమె అద్దనేది యాడ నొక్కాలె?" తెర మీద ఆ ఆరు గడులు, పక్కన బోలెడంత ఖాళీ. అన్నాళ్లూ మేమంతా దాన్ని చూసి ఎంత బాగుందో అని మురిసిపోయాం.

చిన్న బావకు ఆ దెబ్బ తగిలింది. సాయంత్రం ఎవరూ అడగకుండానే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వద్దనడానికి ఏ బొమ్మ పెట్టాలో తోచక తల గోక్కుంటుంటే అత్త తన ఎడమ అరచెయ్యి అడ్డంగా ఎత్తి చూపించింది. దాన్నే ఫోనులో ఫోటో తీసి, అన్నిటికన్నా పెద్ద గడి చేసి పెట్టాడు. మైకు ముందుకు లాక్కుని గొంతు సవరించుకుని, "నాకు ఇది సమ్మతము కాదు" అనబోయాడు. అత్త అతని భుజం మీద ఒక్కటిచ్చి నా వైపు వేలు చూపించింది. నేను కూర్చుని, "వద్దండీ" అన్నాను. అత్త బల్ల చరిచింది. "వద్దు" అన్నాను. మళ్లీ చరిచింది. ఆమె ముఖంలోకి చూస్తుంటే ఆ తడి కాయల సంచులు, ఆ కారం ఘాటు గుర్తొచ్చాయి. కడుపులో నుంచి, "అద్దు!" అన్నాను. అత్త మంచానికి ఆనుకుని కండ్లు మూసుకుంది. మూసిన కండ్ల నుంచి నీళ్లు కారాయి.

ఆ రాత్రి దాకా ఆమె ఆ గడిని వదిలితే ఒట్టు. అన్నం పెడితే అద్దు, దుప్పటి కప్పితే అద్దు, చిన్న బావ పక్కన కూర్చుంటే అద్దు. మరునాడు పొద్దున పెద్ద బావ ముఖం ముడుచుకునే ఆటో పిలిచాడు. అత్త గిర్నీకి పోయి తన పాత స్టూలు మీద కూర్చుంది. అక్కడ ఆమెకు తెర అవసరం పడలేదు. తడి కాయ తెచ్చినవాళ్ల ముందు ఆ ఎడమ అరచెయ్యి లేచేది, వాళ్లు మారు మాట్లాడకుండా సంచి ఎత్తుకుని పోయేవారు. ఆమె ఉన్నన్నాళ్లు ఆ గిర్నీ నడిచింది. కొడుకులు ఇప్పటికీ నాతో ఆ సంగతి ఎత్తితే, పాపం అప్పుడు తెలియక అట్లా జరిగిందంటారు. తెలియకపోవడం ఏమిటి? పక్కనే కూర్చుని ఉంది, అడిగితే సరిపోయేది. ఒక మనిషి మాట పోవడానికి ఒక్క పొద్దు చాలింది. అందులో ఆ ఒక్క ముక్క తిరిగి ఆమె చేతికి రావడానికి మాత్రం ఒక ఎండాకాలం పోయి, ఒక వానాకాలం పోయి, దసరా కూడా దాటాల్సి వచ్చింది.